అరకూలి చేయి

మా ఊళ్లో కాన్పు చేసిన మంత్రసానికి నాలుగు సేర్ల రాగులు, ఒక రవికగుడ్డ, తాంబూలం ఇచ్చేవారు. అంజినమ్మకు మాత్రం రెండు సేర్లు. రవికగుడ్డ లేదు. ఆమెది ఎడమచేతి వాటం. కూలి తగ్గించడానికి ఇంకే కారణమూ ఎవరూ చెప్పలేదు. ఆమె అడగనూ లేదు.

రాయకోట నుంచి కృష్ణగిరికి పోయే రోడ్డుకు అర మైలు లోపల ఉంది మా ఊరు. నేను హోసూరులో నాలుగేళ్లు అయ్యవారిగా పనిచేసి, అమ్మ ఒంటరిగా ఉందని, 1954లో మా ఊరి బడికే బదిలీ చేయించుకున్నాను. మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు. రెండెకరాల చేను మీద అమ్మ నన్ను చదివించింది. ఆమె పేరు నంజమ్మ. ఆమె మాటకు ఎదురు చెప్పే అలవాటు నాకు లేదు. దాన్ని మంచి గుణమనే అనుకుంటూ వచ్చాను.

ఊళ్లో ఇద్దరు మంత్రసానులు. పెద్దామె మారియమ్మ. అందరూ ముందు ఆమెనే పిలిచేవారు. కాన్పు కష్టమై, ఒక పగలూ రాత్రీ గడిచి, మారియమ్మ "ఇంక నా వల్ల కాదు" అని లేచిన తర్వాత అంజినమ్మకు కబురు పోయేది. బిడ్డకు నీళ్లు పోయడానికైనా అంతే. మంత్రసాని పీట మీద కాళ్లు చాపుకొని కూర్చుని, బిడ్డను కాళ్ల మీద పడుకోబెట్టుకుంటుంది. వేడినీళ్ల కడవ కుడి పక్కన పెడతారు. అంజినమ్మ కూర్చోగానే కడవను ఎడమ పక్కకు జరుపుకునేది. ఇంట్లో పెద్దవాళ్లు ఎవరో ఒకరు వచ్చి మళ్లీ కుడికి జరిపేవారు. కుడి చేత్తో చెంబు పట్టుకుంటే ఆమెకు బిడ్డ ముక్కులోకి నీళ్లు పోతాయేమోనని భయం. కొంచెం కొంచెంగా పోసేది. సగం స్నానం అయ్యేసరికి నీళ్లు చల్లారిపోయేవి.

ఈ సంగతులు నాకు తెలుసు. పట్టించుకోలేదు. నా బడిలో అప్పటికి నలుగురు పిల్లల చేతులు మార్చాను. ఎడమ చేత్తో బలపం పట్టినవాడి చేతిలోంచి తీసి కుడి చేతిలో పెట్టేవాణ్ణి. కొట్టేవాణ్ణి కాదు. రోజూ అదే పని ఓపికగా చేసేవాణ్ణి. నెల రోజుల్లో మారిపోయేవారు. అక్షరాలు కూడా గుండ్రంగానే వచ్చేవి. అందుకని, చేయి అంటే అలవాటే, ఏ చేయికి నేర్పితే ఆ చేయి నేర్చుకుంటుంది అని నమ్మాను. అమ్మకు ఎడమ చేయి అంటే అశుభం. నాకు అలాంటి నమ్మకం లేదు. నాది వేరే నమ్మకం.

1959 కార్తీక మాసంలో నా భార్య మంజులమ్మకు నెలలు నిండాయి. తొలి కాన్పు. వాళ్ల పుట్టినిల్లు మత్తూరు. అక్కడ వాళ్లమ్మకు ఒంట్లో బాగుండక ఇక్కడే ఉంచాం. నొప్పులు మొదలైంది ఒక ఆదివారం తెల్లవారాక. ఆ రోజు మారియమ్మ ఊళ్లో లేదు, పోచంపల్లికి కూతురింటికి పోయింది. అమ్మ కాసేపు వీధి గుమ్మంలో నిలబడి, చివరికి "ఆ అంజినమ్మనే పిలువు" అంది.

అంజినమ్మ వచ్చి చేతులు కడుక్కుని లోపలికి పోయింది. నేను పంచలో ఉన్నాను. తలుపు వారగా తెరిచే ఉంది. కొంతసేపటికి ఆమె గొంతు వినిపించింది.

"బిడ్డ అడ్డంగా ఉండాది నంజమ్మవ్వా. ఉమ్మనీరు పోకముందే పైనుంచి ఒత్తి తిప్పల్ల."

"తిప్పు. కుడిసేత్తో తిప్పు. తొలి కాన్పు, ఎడమసెయ్యి ముందు పడకూడదు."

"అవ్వా, నాకు కుడిసేతికి కండ్లు లేవు. తల యాడుండాదో, వీపు యాడుండాదో నాకు ఎడమసేతికే తెలుస్తాది."

"ఇన్నేండ్లు ఈ పని చేస్తా ఉండావు, కుడిసెయ్యి నేర్చుకోలేదా?"

అంజినమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. నా ముఖం చూసి అడిగింది.

"అయ్యవారూ, మీరు సదువుకున్నోళ్లు. మీరు చెప్పండి. పొద్దు పోతా ఉండాది."

అమ్మ ఆమె వెనకాల నిలబడి ఉంది. లోపల మంజులమ్మ నా జవాబు కోసం వింటూ ఉందని నాకు తెలుసు.

నేను అన్నాను, "రెండూ చేతులే కదమ్మా. కుడి చేత్తోనే చూడు."

అంజినమ్మ నన్ను ఇంకో క్షణం చూసింది. తర్వాత లోపలికి పోయింది.

బడి గోడ గడియారం సెలవు రోజు ఆగిపోకుండా కీ ఇవ్వడానికి ఇంటికి తెచ్చి పంచలో తగిలించి ఉంచాను. అందువల్ల కాలం గురించి నాకు అనుమానం లేదు. ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా అంజినమ్మ కుడి చేత్తో ప్రయత్నించింది. పదిన్నరకు ఉమ్మనీరు పోయింది. అప్పుడామె ఎవరినీ అడగలేదు. అమ్మను బయటికి పంపి తలుపు వేసుకుంది. పన్నెండు కొట్టకముందే ఆడపిల్ల పుట్టింది, ఏడ్చింది. మంజులమ్మకు నెత్తురు ఆగలేదు. బండి కట్టించి, అంజినమ్మను కూడా ఎక్కించుకుని కృష్ణగిరి ఆసుపత్రికి బయలుదేరాం. దారిలో ఆమె ఒకసారి నీళ్లు అడిగింది. ఒకసారి "పాప?" అంది. "ఇంట్లో ఉంది, బాగుంది" అన్నాను. కృష్ణగిరి ఇంకా నాలుగు మైళ్లుందనగా అంజినమ్మ ఎద్దులను ఆపమంది.

దినాలు అయిన తర్వాత అమ్మ అందరితో చెప్పింది, "ఎడమసెయ్యి పెట్టినాది, ఇంట్లో దీపం ఆర్పినాది" అని. ఆమె అబద్ధం చెప్పాలని చెప్పలేదు. అలాగే నమ్మింది. నేను విన్నాను, ఊరుకున్నాను. రెండు గంటల సంగతి తెలిసినవాళ్లం ముగ్గురం. అమ్మకు ఆ రెండు గంటలు లెక్కలోకి రాలేదు. అంజినమ్మ నోరు తెరవలేదు. నేను బడికి పోయి వచ్చాను, పాపకు ఆవుపాలు పట్టాను, మూడు నెలలు అలాగే గడిపాను. బడిలో మాత్రం ఇంక ఎవరి చేయీ మార్చలేదు.

ఆ మూడు నెలల్లో అంజినమ్మను ఎవరూ కాన్పుకు పిలవలేదు. రెండు సేర్లు కూడా పోయాయి.

మాఘ మాసంలో కృష్ణగిరి నుంచి హెల్త్ విజిటరమ్మ వచ్చింది. సర్కారు మంత్రసానులకు ఆరు నెలల శిక్షణ ఇస్తుందని, నెలకు పదిహేను రూపాయలు, తర్వాత సామాన్ల పెట్టె, ప్రతి కాన్పుకూ ఇంత అని కూలి ఉంటుందని చెప్పింది. ఊరికి ఒక్కరు. మారియమ్మకు వయసు మీరింది, చూపు కూడా ఆనదు. మిగిలింది అంజినమ్మ.

"ఊరి మునసబూ బడి అయ్యవారూ రాసి ఇవ్వాల. నేను వచ్చే ఆదివారం వస్తాను. మీరు వద్దంటే పక్క ఊరికి పోతాది ఈ చోటు," అని ఆమె తనకు వచ్చిన తెలుగులో చెప్పి బస్సుకు పోయింది.

మునసబు నాగేశప్ప నన్ను ఇంటికి పిలిపించాడు. నా కంటే పదేళ్లు పెద్ద. చెడ్డవాడు కాదు.

"ఆ యమ్మ వద్దని రాసెయ్ అయ్యవారూ. మూడేండ్లలో ముగ్గురు బాలింతలు పోయినారు ఆమె సేతుల్లో. అందులో నీ ఇల్లొకటి. నువ్వు రాస్తే ఇంక ఎవురూ మాట్లాడరు."

"చావుపుట్టుకల పుస్తకం ఒకసారి చూస్తాను నాగేశప్పన్నా," అన్నాను.

ఆ పుస్తకం రాసేది నేనే. ఆయన సంతకం పెడతాడు. ముగ్గురి పేర్లూ ఉన్నాయి. మంత్రసాని పేరు రాసే గడి అందులో లేదు. అందుకని ఆ ఇళ్లకు పోయి అడిగాను. నా ఇంట్లో చావు జరిగింది కాబట్టి ఎవరూ నన్ను వింతగా చూడలేదు. మొదటి ఇంట్లో మారియమ్మ రెండు రోజులు కూర్చుంది. తర్వాత అంజినమ్మను పిలిచారు. రెండో ఇంట్లో ఒకటిన్నర రోజు. మూడో ఇల్లు మాది.

ముందు పిలిచిన కాన్పులన్నీ మారియమ్మవి. వాటిలో ఎక్కువ భాగం ఎవరు కూర్చున్నా అయ్యేవే. అందరూ చేతులెత్తేసినవి అంజినమ్మవి. పోయినవాళ్ల పక్కన కనిపించింది అంజినమ్మే. ఇది ఏ పిల్లవాడికైనా పలక మీద చూపించగలిగేంత చిన్న సంగతి. ఊళ్లో లెక్కలు చెప్పేవాణ్ణి నేనే, నేనే చూడలేదు.

శుక్రవారం సాయంత్రం బడి వదిలాక రోడ్డు దాకా నడిచాను. రాయకోట రోడ్డుకు కంకర కొడుతున్నారు. అంజినమ్మ తాటాకు నీడలో కూర్చుని రాళ్లు పగలగొడుతూ ఉంది. సుత్తి ఎడమ చేతిలో ఉంది. అక్కడ ఎవరూ వద్దనలేదు. గంపకు ఇంత అని కూలి. అందరికీ ఒకటే. ఆమె జీవితంలో నిండు కూలి దొరికిన పని అదే అయి ఉంటుంది.

నన్ను చూసి లేచింది.

"పాప బాగుండాదా అయ్యవారూ?"

"బాగుంది. అమ్మకు మోకాళ్లు నొప్పి. నీళ్లు పోసేటప్పుడు పాప ఏడుస్తుంది."

ఆమె సుత్తి కింద పెట్టింది. నేను ఆమె చేయి చూశాను. అరచేయి అంతా కాయలు కాసి ఉంది. చూపుడు వేలి కొస పగిలి ఉంది.

"ఇంకో రెండు నెలలు ఈ పని చేస్తే ఇది కంకర సెయ్యే," అంది ఆమె, నా చూపు గమనించి. "ఇప్పుడే మొద్దుబారినాది. నిన్న మా మేకకు పొట్ట తడిమి చూసినా, పిల్లలు ఒకటో రెండో తెలీలేదు. ఆముదం రాసుకుంటా ఉండా. రాళ్ల ముందర ఆముదం ఏం చేస్తాది?"

"కృష్ణగిరికి పోతావా, పంపిస్తే?"

"మీరు పంపిస్తారా?"

ఆ ప్రశ్నలో ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను జవాబు చెప్పకుండానే తిరిగి వచ్చాను. అది తప్పని దారిలోనే తెలిసింది.

ఆదివారం పొద్దున చావడి దగ్గర పదిహేను ఇరవై మంది చేరారు. హెల్త్ విజిటరమ్మకు కుర్చీ వేశారు. అంజినమ్మ దూరంగా గోడ పక్కన నిలబడింది. సన్నకారు రైతు రాజప్ప మొదలుపెట్టాడు.

"మాకు ఎవురూ లేకపోయినా సరేనమ్మా. ఎడమసెయ్యి మాత్రం వద్దు. సర్కారు మంచిదే, సర్కారుకు మా ఆచారం తెల్దు."

కూలివాడు దాసప్ప మెట్ల మీద కూర్చుని బీడీ వెలిగించుకుంటున్నాడు.

"రాజప్పా, పోయిన ఏడు నీ పాడావు ఈనలేక పడుకుంటే ఎవరిని పిలిచినావు?"

"అది గొడ్డు కదప్పా."

"ఆ దూడ కుడిసేత్తో వచ్చినాదా, ఎడమసేత్తో వచ్చినాదా?"

నలుగురైదుగురు నవ్వారు. రాజప్ప కూడా నవ్వు ఆపుకోలేక తల తిప్పుకున్నాడు.

"మా ఇంట్లో ముగ్గురు ఆమె ఎడమసేత్తోనే పుట్టినారు," అన్నాడు దాసప్ప. "ముగ్గురూ కుడిసేత్తోనే తింటా ఉండారు. అదే నాకు కష్టంగా ఉండాది, మూడు పూటలా తింటారు."

"నువ్వు గమ్మునుండప్పా, ఇది నవ్వులాట కాదు," అన్నాడు నాగేశప్ప. "ముగ్గురు ఆడోళ్లు పోయినారు. అయ్యవారి ఇంట్లోనే పోయినాది. ఆయన రాసుకొచ్చినాడు. చదవనీ."

అందరూ నా వైపు తిరిగారు. నా మీద వాళ్లకు జాలి ఉంది. నేను ఏమి చదవబోతున్నానో తెలుసనే అనుకున్నారు. నేను లేచి కాగితం విప్పాను. రాత కోసం నాలుగు కాగితాలు చించాను. చివరికి మిగిలింది ఒక పక్కే. అది ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

"ఈ ఊరి అంజినమ్మ పదహారేళ్లుగా కాన్పులు చేస్తున్నది. మూడేళ్లలో ఆమె చూసిన బాలింతలు ముగ్గురు చనిపోయారు. మొదటి ఇద్దరి దగ్గరికి ఆమెను చివరగా పిలిచారు. అప్పటికి ఒకచోట రెండు రోజులు, ఒకచోట ఒకటిన్నర రోజు గడిచిపోయింది. మూడో ఆమె నా భార్య. బిడ్డ అడ్డం తిరిగి ఉందని అంజినమ్మ రాగానే కనిపెట్టింది. ఎడమ చేత్తో తిప్పాలని అనుమతి అడిగింది. అడిగింది నన్ను. నేను కుడి చేత్తోనే చూడమన్నాను. రెండు గంటలు నా మాట ప్రకారం జరిగింది. తర్వాత ఆమె తన చేత్తో బిడ్డను తీసింది. బిడ్డ బతికి ఉన్నది. మొదటే ఆమెను ఆమె పద్ధతిలో పని చేయనిస్తే నా భార్య బతికేదని నేను చెప్పలేను. బతికేది కాదని కూడా ఎవరూ చెప్పలేరు. ఆ రెండు గంటలు పోయింది మాత్రం నా వల్ల, అంజినమ్మ వల్ల కాదు. ఈమెను శిక్షణకు తీసుకోవాలని కోరుతున్నాను. శ్రీరామప్ప, ఉపాధ్యాయుడు."

కాగితం మడిచి నాగేశప్పకు ఇచ్చాను.

హెల్త్ విజిటరమ్మ మెల్లగా అడిగింది, "అంజినమ్మా, ఇది నిజమేనా?"

అంజినమ్మ గోడ పక్క నుంచే చెప్పింది. "నిజమేనమ్మా. కానీ అయ్యవారి తప్పు గూడా కాదు. నేను ఆ రెండు గంటలు వాళ్ల మాట ఎందుకు వినల్ల? తలుపు ముందే ఏసుకోని ఉండల్ల. రెండు సేర్లు గూడా పోతాయేమో అని భయపడినా."

అది నేను ఊహించని మాట. అరకూలి ఇచ్చి మేము ఆమె దగ్గర కొనుక్కున్నది ఆ భయాన్నే అని అప్పుడు అర్థమైంది. నిండు కూలి తీసుకునే మారియమ్మ అయితే అమ్మను ఒక్క కసురు కసిరి తన పని తాను చేసుకునేది. చేయి ఒకటే అడ్డం రాలేదు. ఆ చేయికి మేము కట్టిన వెల కూడా అడ్డం వచ్చింది.

నాగేశప్ప కాగితం విప్పి మళ్లీ ఒకసారి చదివాడు. తర్వాత నా సంతకం కింద తనది పెట్టాడు. రాజప్ప లేచి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు అంజినమ్మ వైపు చూడలేదు. ఊరంతా ఆ రోజుతో మారలేదు. ఆమెను వద్దన్న ఇళ్లు తర్వాత కూడా కొన్ని ఉండనే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి సంగతి నాకంటే ముందే చేరింది. అమ్మ పాపను ఒళ్లో పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుంది.

"నన్ను ఊళ్లో నిలబెట్టినావా శ్రీరామప్పా?"

"నీ పేరు రాయలేదమ్మా."

"కుడిసెయ్యి అనింది నేను కదా."

"అడిగింది నన్నమ్మా. చెప్పింది నేను."

ఆమె పాప మీద దుప్పటి సర్దింది. పాప నిద్రలో పెదవులు కదిపింది.

"నేను అనకపోయింటే నువ్వు అనేవాడివా?" అంది.

నా జవాబు కోసం ఆమె ఆగలేదు, పాపను ఎత్తుకుని లోపలికి పోయింది. ఆ పూట అన్నం పెట్టింది, తాను తినలేదు. మర్నాడూ అవసరమైన మాటలే మాట్లాడింది.

మంగళవారం పొద్దున అంజినమ్మ మా వాకిట్లోకి వచ్చింది. చేతిలో గుడ్డమూట. తొమ్మిది గంటల బస్సుకు కృష్ణగిరి పోతున్నానని చెప్పడానికి వచ్చింది. గుమ్మం దాటలేదు. చేతులకు ఆముదం రాసుకుని ఉంది.

లోపల అమ్మ పాపకు నీళ్లు పోయడానికి సిద్ధం చేస్తూ ఉంది. పీట వేసింది, కుడి పక్కన కడవ పెట్టింది. అంజినమ్మను చూసి ఆగింది. నేను పంచలో చొక్కా తొడుక్కుంటున్నాను.

"బస్సుకు పొద్దుండాదా?" అని అమ్మ అడిగింది.

"ఉండాది అవ్వా."

"నీళ్లు కాగినాయి. నాకు మోకాళ్లు వంగవు. పోసిపో."

అంజినమ్మ మూట గుమ్మం దగ్గర పెట్టి లోపలికి వచ్చింది. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ల దాకా లాక్కుని, కాళ్లు చాపింది. అమ్మ పాపను ఆమె కాళ్ల మీద పడుకోబెట్టింది. అంజినమ్మ కడవ వైపు చూసింది. జరపలేదు. కుడి చేత్తో చెంబు అందుకుంది.

అమ్మ వంగింది. ఒక చేత్తో మోకాలు పట్టుకుని, ఇంకో చేత్తో కడవ అంచు పట్టుకుని, పీట చుట్టూ నేల మీదనే ఈడ్చుకుంటూ తెచ్చి ఎడమ పక్కన పెట్టింది. కొన్ని నీళ్లు ఒలికాయి. ఆమె నా వైపు చూడలేదు, అంజినమ్మ వైపూ చూడలేదు. తువ్వాలు తెస్తానని లోపలికి పోయింది.

అంజినమ్మ చెంబును ఎడమ చేతిలోకి మార్చుకుంది.

నేను బడి తాళంచెవి తీసుకుని వీధిలోకి దిగాను. నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. పాప ఏడుస్తుందేమోనని మలుపు దాకా వింటూ నడిచాను.